చైత్ర శుద్ధ పంచమి నాడు చూసినది

అప్పట్లో నాకు తేదీ అంటే తిథే. చిన్నప్పుడు నాకున్న ఆయాసం వల్ల బడికి పంపలేక, చిత్తూరు మామిడి మండీలో గుమాస్తాగా ఉన్న మా నాయనే ఇంట్లో చదువు చెప్పాడు. పలక పట్టగానే తిథి, వారం, నక్షత్రం చెప్పి, దేవుడికి దండం పెట్టాకే అక్షరం. ఆ చదువుతోనే ప్రైవేటుగా పరీక్షలు రాసి, తిరుపతిలో పరిశోధనలో చేరేదాకా వచ్చానంటే అది స్వామి దయ, నాయన ఓపిక. (అందులో నా తెలివి ఎంతో మీరే చూస్తారు.)

నా మొదటి పత్రం చంద్రగిరి రాజమహలు మీద. అప్పటికే నాయన ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. "నీ పేరు అచ్చులో సూసేసి పోతాను పాపా" అనేవాడు. ఆ మాట నన్ను తరిమేది. ఒకరోజు ఆయన మంచం పక్కనే కూర్చుని, ఫోనులో నెట్‌లోని విజ్ఞాన సర్వస్వం తెరిచి, రాజమహలు పేజీ చదివి వినిపించాను.

"బాగుండాది. ఎవురు రాసిందంట?"

"ఎవురైనా రాయొచ్చంట నాయనా. ఎవురైనా దిద్దొచ్చంట."

"అయితే మా మండీ గోడ మాదిరే!" అని నవ్వబోయి దగ్గుతో ఆగిపోయాడు.

ఆ పేజీలోని సంగతులు పత్రంలో వాడుకున్నాను. "నెట్‌లో చూసిందైతే చూసిన రోజు కూడా వేయాల మా" అని గైడు మేడం ముందే చెప్పి ఉన్నారు కాబట్టి, ఆధారాల పట్టికలో ఎంతో శ్రద్ధగా రాశాను: "రచయిత: ఆ స్వామికే ఎరుక. చూసినది: చైత్ర శుద్ధ పంచమి, గురువారం, రోహిణీ నక్షత్రం."

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ఇదేమి మా, పరిశోధనా పత్రమా, లగ్నపత్రికా?" అని పత్రం వెనక్కిచ్చేశారు. తర్వాత కోప్పడకుండా కూర్చోబెట్టి నేర్పారు (ఆమెకు ఈనాటికీ మనసులో దండం పెడతాను). రచయిత పేరు లేకపోతే పేజీ పేరుతోనే మొదలుపెట్టాలట. ఆ పేజీ ఎప్పుడైనా మారిపోవచ్చు కాబట్టి చూసిన రోజు ఇంగ్లీషు తేదీ వేయాలట. ఆ రోజు ఎలా ఉందో అలాగే చూపించే పాత ప్రతి ఆ పేజీ చరిత్రలోనే దొరుకుతుంది, దాని లింకు ఇవ్వాలట. "అన్నిటికన్నా ముందు, పేజీ అడుగున ఇచ్చిన పుస్తకాలు యాడున్నాయో ఎతుక్కోని చదువు. అసలు ఆధారం ఆడుండాది."

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. "రాహుకాలం రాయకుంటివి గదా పాపా, అందుకే తిరిగొచ్చినాది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వగా నేను విన్నది అదే ఆఖరు. పుస్తకాలు వెతికి, చదివి, దిద్ది పంపిన పత్రం అచ్చయి వచ్చేసరికి నాయన మంచం మీద మడిచిన దుప్పటే ఉంది. నా పేరున్న పుట తెరిచి దాని మీదే పెట్టాను.

ఆ పేజీ ఇప్పుడు చాలా మారిపోయింది. పాత ప్రతి తెరిస్తే మాత్రం మేమిద్దరం చూసిన రోజులాగే ఉంటుంది, నాయన "బాగుండాది" అన్న చోటుతో సహా. దాన్ని చూపించిన మేడం చల్లగా ఉండాలి. ఏటా తద్దినం నాడు తమ్ముడు సంకల్పంలో తిథి, వారం, నక్షత్రం పలుకుతుంటే, ఈడ వెనక్కి పంపేవాళ్లు ఎవరూ లేరు గదా అనిపిస్తుంది. కళ్లు తుడుచుకుంటూనే, ఆ లగ్నపత్రిక రాసిన పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను.