రెండో పిడికిలి

ఆ రోజుల్లో మా గుళ్ళో ఆడవాళ్ళం ఎడమవైపు చాపల మీద కూచునేవాళ్ళం, మగవాళ్ళు కుడివైపు బెంచీల మీద. (అనకాపల్లి మిషను కాంపౌండులో మేమంతా చర్చిని గుడి అనే అంటాం.) చాప మీద కూచోవడంలో ఒక సుఖం ఉంది, పిల్లల్ని ఒళ్ళోనూ పక్కనా అదిమి పట్టుకోవచ్చు. ఒక చిక్కూ ఉంది, వాళ్ళలో ఎవరైనా లేచి నిలబడితే గుడంతటికీ కనిపిస్తారు. ఆ ఆదివారం ఐదేళ్ళ మా పెద్దదాని చెయ్యి నా చేతిలోంచి మెల్లగా జారిపోయింది. అది పరికిణీ సర్దుకుని, గొంతు సవరించుకుని లేచి నిలబడింది. ఏదో కొంప మునగబోతోందని నాకు తెలిసింది సరిగ్గా ఆ క్షణంలోనే. అప్పటికది ఇంకా నోరు కూడా తెరవలేదు.

అదెందుకు లేచిందో తెలియాలంటే మా దేవుడి కుండ సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఇంటి పొయ్యి పక్కనా ఒక చిన్న కుండ ఉండేది. వంటకి బియ్యం కొలిచాక, కడగబోయేముందు ఇల్లాలు కళ్ళు మూసుకుని, ఇంట్లో అందరి పేర్లూ తలుచుకుని ప్రార్థన చేసి, ఒక పిడికెడు బియ్యం ఆ కుండలో వెయ్యాలి. పూటకొక పిడికెడు. ఆదివారం ఆ కుండ గుడికి తేవాలి. కాంపౌండు చివరి వరస ఇళ్ళలో ఉండే విధవరాళ్ళకి వారమంతా గడిచేది ఆ బియ్యంతోనే. అవి యుద్ధం రోజులు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది, రేషను షాపు ముందు వరస రోజురోజుకీ పొడుగవుతోంది, చాలా ఇళ్ళలో పిడికిళ్ళు చిన్నవైపోయాయి. (పిడికిలి చిన్నదని ఎవరిని అడగగలం?) మా ఒక్క కుండ మాత్రం వారం వారం అంచుదాకా నిండి వచ్చేది. దాన్ని చంకన పెట్టుకుని గుడి మెట్లెక్కుతున్నప్పుడు మా అత్త నడకే వేరుగా ఉండేది.

ఆ నిండుతనం వెనక సంగతి నాకూ మా పెద్దదానికీ తప్ప ఎవరికీ తెలీదు. అంతకుముందు ఏడాది వానాకాలంలో మా చిన్నాడికి జ్వరం తగిలింది. అదే వారం, అలాంటి జ్వరమే, మా గుమ్మానికి ఎదురుగా వీధి అవతల ఉండే అత్తరు సాయిబుగారి పిల్లవాడికీ తగిలింది. నేను మా గుమ్మంలో మోకరించాను. వాడి తల్లి బీబీగారు వాళ్ళ గుమ్మంలో రెండు చేతులూ చాచి దువా చేసుకుంది. రెండిళ్ళకీ ఒకే డాక్టరు వచ్చాడు. మావాడు బతికాడు, వాళ్ళవాడు బతకలేదు. "నీ ప్రార్థన దేవుడు విన్నాడమ్మా" అని అందరూ నాతో అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఎదురింటి తలుపు వైపు చూడలేకపోయేదాన్ని. నాది విన్నవాడు ఆవిడది వినలేదా? వినీ ఊరుకున్నాడా? అసలు వినేవాళ్ళెవరైనా ఉన్నారా? కాలేజీలో లాజిక్కు చదివిన పాపానికి ఈ ప్రశ్నలు నాకు నంబర్లు వేసినట్టు వరసగా వచ్చేవి. అదీ పిడికెడు బియ్యం పట్టుకుని కళ్ళు మూసుకోగానే వచ్చేవి. వెంటనే భయం పట్టుకునేది. ఒకవేళ వినేవాడుంటే ఈ మాటా విని ఉంటాడు, పిల్లలకేమైనా అయితే? ఆ భయంతో గభాలున ఇంకో పిడికెడు తీసి కుండలో వేసేసేదాన్ని. (బి.ఏ. ప్యాసైన మనిషిని. ఉన్నాడో లేడో తెలీని దేవుణ్ణి బియ్యం పెట్టి బతిమాలుకుంటున్నానని ఎవరితో చెప్పుకోను?) మొదట వారానికి రెండు మూడుసార్లు. తర్వాత రోజూ. ఇంట్లో బియ్యం చాలకపోతే రాత్రిపూట చోడి అంబలి తాగి, "ఒంటికి ఇదే పడుతోంది" అనేదాన్ని. ఒకరోజు మా పెద్దది నా పక్కన గొంతుక్కూచుని "రెండెందుకమ్మా?" అంది. పిల్లలతో అబద్ధాలాడకూడదన్నది నాకప్పట్లో కొత్తగా పట్టుకున్న పిచ్చి. "ఒకటి దేవుడికి. రెండోది, దేవుడున్నాడా అని నాకు సందేహం వచ్చినందుకు" అన్నాను. అది బుద్ధిగా తలూపింది. దాని బుద్ధి చూసి మురిసిపోయాను కూడా.

ఆ ఆదివారం మా పాస్టరుగారు, అంటే అయ్యగారు, మా కుండని రెండు చేతులా ఎత్తి సంఘానికి చూపించారు. "ఈ కరువు రోజుల్లో చూడండి! అమ్మా, నీ కుండ ఇలా నిండటంలో రహస్యమేమిటో చెప్పు, అందరూ నేర్చుకుంటారు" అన్నారు. నేను తల వంచుకుని దేవుని కృప అనో మరేదో గొణగబోతున్నాను. పెద్దది లేచింది అప్పుడే.

"మా అమ్మకి దేవుడున్నాడా నేడా అని సందేహం వత్తాది. అప్పుడు రెండు పిడికిళ్ళు ఏత్తాది. రోజూ వత్తాది!"

(ఆ ఆఖరి మాట అనకపోయినా సరిపోయేది.)

మా అత్త దాని తొడ మీద ఒక్క గిల్లు గిల్లి కిందికి లాగింది. "ఓలమ్మ, ఏటో కలగన్నాది బాబూ గుంట. ఈమజ్జెన అబద్ధాలు నేర్సింది. కూకోయే!" అంది. అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వారు. అయ్యగారూ నవ్వారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేస్తే చాలు, అక్కడితో అయిపోయేది. నవ్వకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా సంఘంలో "బల్ల ఆపడం" అని ఒకటుంది. తప్పు చేసినవాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. బల్ల ఆగితే మిషను స్కూల్లో నా టీచరు పని ఆగుతుంది. ఆ పని మీద వచ్చిన కాంపౌండు ఇల్లూ పోతుంది. అందుకని నవ్వడానికి పెదవులు సిద్ధం చేసుకున్నాను. ఇంతలో మా పెద్దది తొడ రుద్దుకుంటూ, కళ్ళనిండా నీళ్ళతో నా మొహంలోకి చూసింది.

"నాను అబద్ధమాడేనా అమ్మా?"

మగవాళ్ళ వైపు చూశాను. చెరకు ఫారంలో గుమాస్తా పని చేసే మా ఆయన గుడి కప్పు దూలాలు పరీక్షగా చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. "అది అబద్ధమాడలేదండి. నిజమే చెప్పింది" అన్నాను.

నా సంగతి తేల్చడానికి సంఘ పెద్దల మీటింగు శనివారం సాయంత్రం అని తేలింది. ఆ మర్నాడే బల్ల ఆదివారం. మధ్యలో ఆరు రోజులు నేను జబ్బు మనిషినైపోయాను. మావాళ్ళకి కోపం రాలేదు, అదొక్కటే నేను అనుకోనిది. సందేహాన్ని వాళ్ళు జ్వరంలాగే లెక్కగట్టారు. ఒకావిడ సగ్గుబియ్యం జావ తెచ్చింది. ఇంకొకావిడ బత్తాయిలు తెచ్చింది. మూడో ఆవిడ గుమ్మంలోనే నిలబడి, తన పిల్లల్ని మాత్రం లోపలికి రానివ్వకుండా, "జాగర్తమ్మా" అని చెప్పి వెళ్ళిపోయింది. అందరికంటే ముందు వచ్చినావిడ బైబిలమ్మ. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ముసలావిడ, రాంబిల్లి సముద్రపొడ్డు మనిషి, చివరి వరసలో ఉండే విధవరాళ్ళలో ఒకావిడ.

"ఎలగున్నాదమ్మీ ఇప్పుడు?" అంది మంచం పక్కన కూలబడుతూ.

"బాగానే ఉన్నాను."

"నీ సంగతి కాదే. సందేగం ఎలగున్నాది?"

"అలాగే ఉంది."

"పొద్దుట ఎక్కువా, సందేల ఎక్కువా?"

"బియ్యం పట్టుకున్నప్పుడు ఎక్కువ."

"ఊఁ" అంది బైబిలమ్మ. నాలిక చూపించమంటుందేమో అనుకున్నాను గానీ, బత్తాయి ఒలిచి సగం నాకిచ్చి సగం తను తింది.

అరుగు మీద మా అత్త వచ్చినవాళ్ళకి కబురు చెప్పేది: "నిన్నటి మీద ఈయేళ నయమే. పొద్దుట ఒక కీర్తన పాడింది." (పాడలేదు. చిన్నాణ్ణి జో కొడుతూ రాగం తీశాను.) మా ఆయన నాలుగు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం తింటూ, "నవ్వేసి ఊరుకుంటే పోయేది కదా" అన్నారు. "ఊరుకుంటే పెద్దది అబద్ధాలకోరు అయిపోయేది" అన్నాను. ఆయన చాలాసేపు మజ్జిగ కలుపుకున్నారు. "పాయకరావుపేటలో మా చిన్నాన్న ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. కబురు పెట్టాను, ఎందుకైనా మంచిది" అన్నారు. మా ఆయన ప్రేమగా మాట్లాడటమంటే అదీ.

శనివారం గుడి పక్క గదిలో కూచోబెట్టారు. అయ్యగారూ, ఇంకో నలుగురు పెద్దలూ కుర్చీల్లో. నేనూ అత్తా చాప మీద. పిలవకపోయినా వచ్చి బైబిలమ్మ తలుపు దగ్గర కూచుంది. పెద్దల్లో కళ్ళజోడాయన అని, పేరు చెబితే అందరూ వణికే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. ఆయన మొదలుపెట్టారు: "నమ్ముతున్నావా, లేదా? ఒక్క మాటలో చెప్పమ్మా."

"ఒక్క మాటలో రాదండి. కొన్నాళ్ళు నమ్ముతాను, కొన్నాళ్ళు నమ్మలేను. ఎదురింటి తలుపు కనిపించినప్పుడు అసలు నమ్మలేను" అని ఆ రెండు జ్వరాల సంగతీ చెప్పేశాను. ఏడవకూడదనుకున్నాను, ఏడిచాను. మా అత్త చాప పుల్ల ఒకటి పీకుతూ కూచుంది.

కళ్ళజోడాయన గొంతు కొంచెం మెత్తబడింది గానీ మాట మారలేదు. "నాకూ కష్టంగానే ఉంది. కానీ బల్ల ఆపక తప్పదు. బల్ల ఆగినవాళ్ళ బియ్యం గుళ్ళోకి రాకూడదు. అది మన పద్ధతి."

"మరి ఇన్నాళ్ళూ తినీసిన బియ్యం ఏటి సేత్తారు బాబూ?" అంది తలుపు దగ్గర్నుంచి బైబిలమ్మ.

"నిన్నెవరు పిలిచారు?"

"ఎవుల్లూ పిలవనేదు, నానే వచ్చేను. ఏడాది బట్టి ఈయమ్మ బియ్యం తిన్నాం గదేటి మేం. సందేగం పిడికెడేదో నమ్మకం పిడికెడేదో ఉడికేక నాకు తెల్నేదు. రెండూ ఒక్కలాగే ఉడికేయి."

"అది వేరు సంగతి."

"ఏటి వేరు? నా పెనిమిటి పడవ తిరిగి రానప్పుడు ఒడ్డున కూకోని మూడ్రోజులు దేవుణ్ణి తిట్టేను. సందేగం కాదు, తిట్లు! నాకెవులూ బల్ల ఆపనేదు, నానెవులికీ సెప్పనేదు గనక. ఇప్పుడు సెప్పేను. నాకూ ఆపండి." అని ఊరుకోకుండా అయ్యగారి వైపు తిరిగింది. "మీకెప్పుడూ సందేగం రానేదేటి అయ్యా?"

అయ్యగారు చేతిలో పుస్తకం మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. "మా పెద్దబ్బాయి చనిపోయిన ఏడాది నాకూ వచ్చింది. ఆర్నెల్లు పాత ప్రసంగాలే చదివాను. ఎవరూ కనిపెట్టలేదు."

"నేను కనిపెట్టాను" అన్నారు కళ్ళజోడాయన.

"మరి అడగలేదేం?"

"అప్పుడు నా మనసూ బాగాలేదు" అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళు అంత చిన్నవని మాకెవరికీ తెలీదు.

ఇంతలో మూలనున్న మూడో పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. ఆయన పక్కనాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అయ్యగారు గాభరాగా లేచి నిలబడ్డారు. "చాలు, చాలు! ఇలా ఒక్కొక్కరూ మొదలెడితే రేపు బల్ల దగ్గర రొట్టె ఒక్కటే మిగులుతుంది. ప్రార్థన చేసి ముగిద్దాం" అన్నారు.

బల్ల ఆపలేదు. ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది. పద్ధతి కోసం స్కూల్లో నా వేదపాఠం క్లాసు తీసేసి కుట్టుపని క్లాసు ఇచ్చారు. (నాకు సూదిలో దారం ఎక్కించడం రాదు. ఆ ఏడాది నా దగ్గర నేర్చుకున్న పిల్లల రుమాళ్ళలో నాలుగు మూలలున్నది ఒక్కటీ లేదు.) యుద్ధం అయిపోయింది, రేషను అవలేదు. నా సందేహం తగ్గలేదు, పెరగలేదు. ఇంటి మనిషిలా ఒక పక్కన ఉంటోంది. రెండో పిడికిలి మాత్రం మానలేదు. భయంతో వేస్తున్నానా, అలవాటుతోనా అంటే చెప్పలేను. ఎవరికీ తెలియకుండా అంబలి తాగి, దేవుడితో రహస్యంగా బేరాలాడిన ఆ పిరికి పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కొంచెం జాలీ వేస్తుంది. అయినా తన కూతురి ప్రశ్నకి లేచి నిలబడింది కూడా ఆ పిల్లే గదా అని సర్దుకుంటాను.

ఆ శనివారం మీటింగు అయిన మర్నాడు బల్ల ఆదివారం. పొద్దున్న నేను లేచేసరికి మా అత్త అప్పటికే పొయ్యి ముందు కూచుని ఉంది. కళ్ళు మూసుకుని, పేర్లన్నీ చెప్పి, పిడికెడు బియ్యం కుండలో వేసింది. ఒక్క క్షణం ఆగి ఇంకో పిడికెడు తీసింది.

నేను చూస్తున్నానని గమనించి, "అలగ సూత్తావేటే?" అంది. "ఇది ఆ ఎదురింటి బీబీ పేరున. నాకు మాత్రం ఆ తలుపు కనబడదేటి?"

పిల్లలిద్దరూ లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చారు. పెద్దది గుడి పరికిణీ అప్పటికే కట్టేసుకుంది.

"అమ్మా, ఈయేళ కూడా నీకు సందేహం ఉన్నాదా?"

"ఉంది."

"గుళ్ళో సెప్పొచ్చా?"

చిన్నాడు అక్క వైపూ నా వైపూ చూస్తున్నాడు. మా అత్త చేతిలో చేట ఆగిపోయింది. నేను ఇద్దర్నీ దగ్గరకి లాక్కుని చెప్పాను: "నిజం ఎక్కడైనా చెప్పొచ్చు. కాకపోతే లేచి నిలబడేముందు ఒక్కసారి నా చెవిలో చెప్పండి. నేనూ మీతో లేస్తాను."