గొడుగు తాతయ్య వేషం

రామచంద్రపురం శాఖా గ్రంథాలయంలో తబిత అటెండరుగా చేరి పంతొమ్మిదేళ్ళయింది. పొద్దున్నే తలుపులు తీసి ఊడవడం, పేపర్లు బల్లల మీద పరచడం, చదివినవాళ్ళు ఎక్కడపడితే అక్కడ వదిలేసిన పుస్తకాలను తిరిగి బీరువాల్లో సర్దడం ఆమె పని. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఇన్ని పుస్తకాల మధ్య ఉంటూ ఒక్కటైనా చదవకపోతే ఎలాగని మొదట్లో నవలలు పట్టుకుంది. పేజీ నిండా ఇటుకలు పేర్చినట్టున్న పేరాలు చూస్తే నాలుగో పేజీకే కళ్ళు మూతలు పడేవి.

ఒకరోజు అడుగు అరలో దుమ్ము దులుపుతుంటే పలచని నాటకం పుస్తకం ఒకటి చేతికొచ్చింది. ఎడమ పక్క మనిషి పేరు, దాని పక్కన ఆ మనిషి అన్న మాట. అంతే. ఇద్దరు ఆడవాళ్ళు నూతి దగ్గర దెబ్బలాడుకుంటున్నారు. గోడ ఇవతల నిలబడి వింటున్నట్టే అనిపించింది తబితకు. చేతిలో గుడ్డ చేతిలోనే ఉంది. నిలబడ్డ చోటే ఒక రంగం చదివేసింది.

అప్పటినుంచి ఆ అర ఆమెదే అయింది. సాంఘికాలు చదివింది, ఏకాంకికలు చదివింది. పాత పౌరాణిక నాటకాల్లో పద్యాలొస్తే మొదట్లో దాటేసేది. తర్వాత వాటినీ పైకి చదివి, అర్థంకాని చోట లైబ్రేరియన్ ఉదయభాస్కర్ గారిని అడిగేది. ఆయనకు ఆశ్చర్యం వేసేది.

"నాటకాలు ఆడటానికి కదమ్మా, చదవటానికి ఎవరు పట్టుకెళ్తారు?" అన్నాడాయన ఒకసారి.

"చదివితే అందరి వేషాలూ నావేనండి," అంది తబిత.

నిజానికి వేషాలు ఆమె పంచిపెట్టేది. చదివేటప్పుడు ప్రతి పాత్రకూ తనకు తెలిసిన గొంతు ఒకటి ఇచ్చేది. రాజుగారికి చర్చిలో ప్రసంగం చేసే పాస్టరుగారి గొంతు, పిసినారి షావుకారుకు వీధి చివరి కిరాణా కొట్టాయన గొంతు, గయ్యాళి అత్తకు పక్కింటి లోవలక్ష్మి గొంతు. కథానాయకుడు ఎంతటి అందగాడైనా సరే, గొంతు మాత్రం తన భర్త అబ్రహాముదే.

అబ్రహాము ఆర్టీసీలో కండక్టరు. బస్టాండులో మెట్టు మీద నిలబడి "ద్రాక్షారం, కోటిపల్లి" అని ఒక్క కేక వేశాడంటే టీ కొట్టులో ఉన్నవాళ్ళు కూడా గ్లాసు దించి పరుగెత్తుకొచ్చేవారు. పుస్తకం ముట్టే మనిషి కాదు. కానీ రాత్రి కంచం ముందు కూర్చున్నాక, "ఏంటి, ఇవాళ నీ పుస్తకంలో ఎవరు దెబ్బలాడుకున్నారు?" అని అడిగేవాడు. తబిత చెప్పేది. మర్నాడు డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంతకీ ఆ ముసలాయన పెళ్ళికి ఒప్పుకున్నాడా లేదా?" అనేవాడు.

ఆ గొంతు కిందటి ఏడాది శ్రావణంలో పోయింది. ఒక ఉదయం స్నానం చేసి వచ్చి చొక్కా గుండీ పెట్టుకోబోతే కుడిచెయ్యి పైకి లేవలేదు. తబితను పిలవబోతే నోరు పక్కకు పోయింది. కాకినాడ ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నారు. ప్రాణం దక్కింది. కాలు ఈడుస్తూ నడవడం వచ్చింది. మాట మాత్రం రాలేదు. వచ్చింది ఒకే ఒక్క మాట: "కాదు."

మంచినీళ్ళు కావాలా అంటే "కాదు" అని చెయ్యి చాపేవాడు. ఆకలేస్తోందా అంటే "కాదు" అంటూనే కంచం వైపు చూసేవాడు. డిపో నుంచి పెద్దిరాజు అనే డ్రైవరు పళ్ళు పట్టుకుని చూడటానికొచ్చాడు. పదిహేనేళ్ళు ఒకే బస్సు మీద పనిచేసిన స్నేహితుడు. "నన్ను గుర్తుపట్టావా అబ్రహాం?" అన్నాడు. "కాదు," అన్నాడు అబ్రహాము, కళ్ళనిండా నీళ్ళతో. పెద్దిరాజు పళ్ళ సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరైనా వచ్చిన అలికిడి వింటే చాలు, అబ్రహాము గోడవైపు తిరిగి పడుకునేవాడు. అడగడం మానేస్తే "కాదు" అనక్కర్లేదు కదా.

మాటలు నేర్పే వినీల అనే అమ్మాయి ఆ ఆసుపత్రిలోనే ఉండేది. పదిహేను రోజులకోసారి తీసుకెళ్ళేవారు. అబ్రహాము మనసులో అన్నీ ఉన్నాయని, బయటికి తెచ్చే దారి దెబ్బతిందని ఆ అమ్మాయి చెప్పింది. బొమ్మలు చూపించి పేర్లు చెప్పించబోయేది. ఆవు బొమ్మ చూసి "కాదు" అనేవాడు. కుర్చీ బొమ్మ చూసి "కాదు" అనేవాడు. మూడోసారి వెళ్ళినప్పుడు బొమ్మల కట్ట ఎడంచేత్తో కిందికి తోసేశాడు.

"ఆయనకి సిగ్గేస్తోందమ్మా," అంది తబిత. "యాభై ఏడేళ్ళ మనిషిని ఆవుబొమ్మ చూపించి అడుగుతుంటే."

"మీరే ఇంకేదైనా చూడండాంటీ," అంది వినీల, కాగితాలు ఏరుకుంటూ. "ఏదైనా సరే. ఆయన నోరు తెరవాలి, మీరు మూయించకూడదు. అంతే."

బస్సులో తిరిగివస్తూ తబిత అదే ఆలోచించింది. ఉన్నది ఒక్క మాట. ఒక్క మాటతో ఏ సంభాషణ నడుస్తుంది? మండపేట రోడ్డు మలుపు తిరుగుతుండగా ఆమెకు తట్టింది: ఎక్కడో చదివింది తను. ఏ నాటకమో గుర్తు లేదు. ఎవరో ముసలాయన, ఏం చూపించినా "కాదు" అనే ముసలాయన.

మర్నాటినుంచి నాటకాల అరంతా వెతికింది. పేజీకి ఎడమ పక్కన పేర్లు, కుడిపక్కన "కాదు" ఉందేమోనని వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఉదయభాస్కర్ గారు సంగతి తెలుసుకుని తనూ ఒక కట్ట ముందేసుకున్నాడు. శుక్రవారం సెలవైనా తాళం తీసి వెతికారు. ఆరో రోజున దొరికింది, అట్ట ఊడిపోయిన ప్రహసనం.

కథ చిన్నదే. పెళ్ళి అయిపోయింది, పెళ్ళికూతురిని అత్తవారింటికి పంపాలి. ఇంతలో పెళ్ళికూతురి తాతయ్య గొడుగు పోయిందంటాడు. అది దొరికేదాకా ఎవరూ గుమ్మం దాటకూడదంటాడు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే గొడుగు పట్టుకొస్తారు. "ఇదేనా తాతయ్యా?" "కాదు." "పోనీ ఇది?" "కాదు." చివరికి అతని గొడుగే దొరుకుతుంది. దానికీ "కాదు" అంటాడు. మనవరాలు వచ్చి పక్కన కూర్చుంటుంది. అప్పుడు తెలుస్తుంది, ముసలాయన బాధ గొడుగు కోసం కాదని. కడపటి మాట ఒక్కటి మాత్రం వేరు: "అవును, ఇదే నా గొడుగు. పిల్లని తీసుకెళ్ళండి."

తబిత లెక్కపెట్టింది. ఆ వేషానికి ముప్పై నాలుగు "కాదు"లున్నాయి.

ఆ సాయంత్రం భర్త మంచం పక్కన ముక్కాలిపీట వేసుకు కూర్చుంది. "ఏమండి, నాకొక సాయం చెయ్యాలి. ఇందులో పదకొండు మంది ఉన్నారు. నేనొక్కదాన్నీ చదవలేను. తాతయ్య వేషం మీరు చదవండి."

అబ్రహాము గోడవైపే ఉన్నాడు. తబిత చదవడం మొదలుపెట్టింది. మంగలి గొంతుతో ఒక గొడుగు తెచ్చింది. "ఇదేనా తాతయ్యా?" అని ఆగింది. జవాబు లేదు. ఆమే "కాదు" అని చదివి ముందుకు పోయింది. కరణం గొడుగు వచ్చింది. దానికీ జవాబు లేదు. మూడోది పురోహితుడి గొడుగు, తాటాకుది. "ఇదేనా?" అని ఆమె ముక్కుతో పలికేసరికి మంచం మీంచి వినిపించింది: "కాదు."

తబిత తలెత్తలేదు. తలెత్తితే తనకు ఏడుపొస్తుందని తెలుసు. నాలుగో గొడుగు పట్టుకొచ్చింది.

పదో "కాదు"కల్లా అబ్రహాము ఇటు తిరిగాడు. ఇరవయ్యోదానికి దిండు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కో "కాదు" ఒక్కోలా పలికాడు. ఒకటి విసుగ్గా, ఒకటి అనుమానంగా, ఒకటి చిల్లర లేదన్న ప్యాసింజరుతో మాట్లాడినట్టు. కుమ్మరివాడు గొడుగు బదులు చేట పట్టుకొచ్చిన చోట, తబిత చదువు పూర్తి కాకముందే "కాదు" అని గట్టిగా అని, తనే నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు.

ఆ నాటకం రోజూ నడిచింది. మిగతా వేళల్లో అతనన్న ప్రతి "కాదు" తప్పే. ఆ అరగంట మాత్రం ప్రతి "కాదు" ఒప్పే. చివరి మాట ఒక్కటి కుదిరేది కాదు. "అవును" కోసం పెదవులు కదిలించేవాడు, మెడ నరాలు బిగుసుకునేవి, చివరికి "కాదు" వచ్చేది. "పోనివ్వండి, పిల్లని ఇంకో రోజు ఉంచుకుందాం," అనేది తబిత.

గోడవతల లోవలక్ష్మికి ఇదంతా వినబడేది. ఆమె మంచికేననుకుని జంగారెడ్డిగూడెంలో ఉన్న తబిత కూతురు మెర్సీకి ఫోన్ చేసింది. మెర్సీ అక్కడ ఒక స్కూల్లో టీచరు. శనివారం మధ్యాహ్నానికి దిగిపోయింది. వచ్చేసరికి పుస్తకం తెరిచి ఉంది, కల్లుగీత కార్మికుడి గొడుగు తిరస్కరించబడుతోంది.

"ఏంటమ్మా ఇది?" అంది మెర్సీ, బ్యాగు భుజం మీంచి దించకుండానే. "ఆయనకి రానిది పట్టుకుని ఆటలా? వీధిలో జనం వింటున్నారు. నాన్నని నవ్వులపాలు చేస్తున్నావు."

"కాదు," అన్నాడు అబ్రహాము.

"మీరూరుకోండి నాన్నా. ఎవరడిగినా అదే కదా అంటారు."

ఆ మాట అన్న మరుక్షణం మెర్సీ నాలుక కరుచుకుంది. అబ్రహాము ఎడంచేత్తో తబిత ఒళ్ళోని పుస్తకం లాక్కున్నాడు. మంచం పట్టె పట్టుకుని లేచి, రెండడుగులు ఈడ్చుకుంటూ వెళ్ళి, దాన్ని కూతురి చేతిలో పెట్టాడు. మనవరాలి పేరు ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు.

మెర్సీ బ్యాగు దించింది. తబిత ఊళ్ళోవాళ్ళందరినీ చదివింది, మెర్సీ మనవరాలిని చదివింది. ఆఖరి రంగంలో, "తాతయ్యా, గొడుగు ఉన్నా లేకపోయినా నేను వస్తూనే ఉంటానుగా. చెప్పు, ఇది నీదేనా?" అని మెర్సీ అడిగింది. అబ్రహాము కూతురి మొహం వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఇద్దరూ ఎదురుచూశారు. వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"గొడుగు," అన్నాడు.

పుస్తకంలో ఉన్నది ఆ మాట కాదు. ఎవరూ దిద్దలేదు. అతనే మళ్ళీ అన్నాడు, ఈసారి ఇంకా తేటగా, "గొడుగు." మెర్సీ లేచి వంటింట్లోకి వెళ్ళి, కాసేపయ్యాక మొహం కడుక్కుని వచ్చింది.

ఒక్కరోజులో మాటలన్నీ వచ్చిపడలేదు. "అవును" రావడానికి క్రిస్మస్ దాటింది. తబిత వచ్చిన మాటలకు తగ్గ వేషాలు వెతుకుతూ పోయింది. మాట మాటకీ తలూపే గుమాస్తా, ఒకే సామెత పదిసార్లు చెప్పే మేనమామ, "చిత్తం" తప్ప మరో మాట ఎరగని బంట్రోతు. ఒక ఆదివారం పెద్దిరాజు వస్తే అతనికి జమీందారు వేషం ఇచ్చారు. బంట్రోతు "చిత్తం" అన్న తీరుకు జమీందారు పడీపడీ నవ్వి తన మాట ఎక్కడుందో మరిచిపోయాడు. ఇప్పుడు అబ్రహాముకు అరవై దాకా మాటలున్నాయి. అతికించి చెప్పడం కష్టమే, బస్సెక్కి కేక వెయ్యడం ఇక లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పొద్దున టీ కావాలా అంటే "కావాలి" అంటాడు. పంచదార తక్కువైతే ఆ సంగతీ చెప్తాడు.

ఈ సంగతి విని వినీల, "మిగతావాళ్ళకి కూడా వేషాలు వెతికిపెట్టగలరా ఆంటీ?" అని అడిగింది. తబితకు కంగారు పుట్టింది. ఎనిమిదో తరగతి చదువుతో ఆసుపత్రిలో తనేం చెప్తుంది? ఉదయభాస్కర్ గారు పది పుస్తకాలు ఆమె పేరు మీదే రాసి సంచీలో పెట్టాడు. ఇప్పుడు నెలకు రెండు శుక్రవారాలు కాకినాడ వెళ్తోంది. మనిషిని ముందు కాసేపు ఊరికే వింటుంది, ఏ మాట మిగిలిందో చూస్తుంది, తర్వాత సంచీ తెరుస్తుంది.

కిందటి శుక్రవారం శ్యామలాంబ అనే రైతు కుటుంబపావిడను తీసుకొచ్చారు. నోట్లోంచి "సరే, సరే" తప్ప రావడం లేదు. భర్త వెంకటరాజు చేతులు కట్టుకుని, "మా ఆవిడ నెమ్మదస్తురాలండి, నాటకాలూ అవీ పడవు," అన్నాడు. తబిత ఆమె వైపు చూసి, ఇంటిల్లిపాదినీ బెదిరించి "సరే, సరే, మీ పని చెప్తాను" అని చీర కొంగు దోపే అత్తగారి వేషం తీసింది. కోడలిగా తను చదివి ఆగింది. శ్యామలాంబ "సరే, సరే" అన్న విధానానికి వెంకటరాజు కట్టుకున్న చేతులు విప్పి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పక్క గదిలోంచి వినీల తొంగి చూసింది. రంగం అయిపోయాక శ్యామలాంబ పుస్తకం ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని రెండో రంగం పేజీ తిప్పింది.