ఇచ్చి చూసినవాడి మాట

పాతికేళ్ళకు పైగా చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటి ఇప్పుడు చెప్పేస్తాను. మా బావకు ఎన్నడూ మతి చలించలేదు. చలించిందని చెప్పినవాణ్ణి నేనే, అది అబద్ధమని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. పోయిన నెల, ఒకప్పుడు దోహాలో కలిసి పనిచేసిన మేమంతా హైదరాబాదులో ఒక హోటల్లో కలుసుకున్నాం. బిరియానీ వచ్చేలోగా షుగరు మాత్రలు వేసుకుంటూ పాత సంగతులు తవ్వుకుంటుంటే, ఒకాయన నా భుజం మీద చరిచి, "మీ కువైట్ బావ ఎలా ఉన్నాడయ్యా, ఇంకా యుద్ధం కావాలంటున్నాడా?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కొంత, వాళ్ళకు ఆ నవ్వు అందించిన నా మీద అంతకు పదింతలు.

అది తొంభయ్యో సంవత్సరం. ఆగస్టులో ఇరాక్ నియంత కువైట్‌ను మింగేశాడు. తర్వాత వాడి చూపు ఎటు తిరుగుతుందోనని గల్ఫ్ అంతా వణికిన రోజులు నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. బియ్యం బస్తాలు దాచుకోవడం, కిటికీలకు టేపు అంటించుకోవడం, రేడియోకు చెవి అంటించుకుని నిద్రపోవడం. మా పాస్‌పోర్టులన్నీ మా కంపెనీ మేనేజరు గారి బీరువాలో ఉండేవి, పెళ్ళాం బిడ్డలను ఇంటికి పంపాలన్నా ఆయన సంతకం కావాలి. ఆయన కోస్తావారు. దోహాలోని అల్ హిలాల్ పేటలో తన విల్లాలో ప్రతి శుక్రవారం తెలుగువాళ్ళకు భోజనం పెట్టేవారు, ప్రపంచ రాజకీయాలన్నీ ఆ గోంగూర పప్పు దగ్గరే తేలిపోయేవి. "కువైట్ వాళ్ళవి ఆ రెండు దీవులూ, సరిహద్దులో ఉన్న ఆ చమురు క్షేత్రమూ వాడి మొహాన కొడితే చల్లబడతాడయ్యా, మన డ్యూటీ మనం చేసుకోవచ్చు" అని ఆయన అనేవారు. కాంక్రీటులో ఇసుక పాలు గురించి పూటంతా వాదించుకోగల ఇంజనీర్లం ఒక్కరం కూడా ఎదురు మాట్లాడకుండా తలలూపేవాళ్ళం. దానికే చర్చ అని పేరు పెట్టుకున్నాం.

బావ, అంటే మా అక్క భర్త, కువైట్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. దురాక్రమణ తర్వాత బస్సులో ఇరాక్ దాటి, జోర్డాన్ ఎడారిలో గుడారాల కింద పడి ఉండి, విమానమెక్కి బొంబాయి చేరి, కట్టుబట్టలతో జగిత్యాల దగ్గర మా ఊరికి వచ్చాడు. దుబాయ్‌ల నువ్వున్నవు గద తమ్మీ, మీ బావకింత పని చూడమని అక్క మొరపెట్టుకుంది, మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. నేను బతిమాలితే మేనేజరు గారు విజిట్ వీసా ఇప్పించారు, సైటు స్టోరులో ఉద్యోగం కూడా ఇస్తానన్నారు.

దోహా నజ్మా పేటలో నా ఇరుకు గదిలో బావ నాకు అంతా చెప్పాడు. సైనికులు వచ్చి మంచినీళ్ళడిగితే ఇచ్చాడట, మాంసం అడిగితే ఇచ్చాడట, చివరికి గోదాము తాళాలూ ఇచ్చాడట. ఇస్తే పోతారని తోటివాళ్ళకు నచ్చజెప్పిందీ తనేనట. అన్నీ అందాక వాళ్ళు మళ్ళీ వచ్చి, యజమాని కొడుకు ఎక్కడ దాక్కున్నాడో చెప్పమన్నారు. ఎవరూ చెప్పకపోతే ఈజిప్టు కాపలాదారుణ్ణి ఈడ్చుకుపోయారు. అతను తిరిగి రాలేదు.

ఆ శుక్రవారం బావను మేనేజరు గారి భోజనానికి వెంటబెట్టుకుని వెళ్తూ, ఆయన ఏమన్నా ఊకోమని దారి పొడవునా చెప్పాను. చాలాసేపు తల వంచుకుని తింటూ ఉన్నాడు. మేనేజరు గారు మళ్ళీ దీవుల దానం మొదలుపెట్టేసరికి తలెత్తి, "నేను ఇచ్చి చూసిన సార్, మంచినీళ్ళ కాడి నుంచి తాళాల దాక. ఇచ్చినకొద్ది దగ్గరికే వచ్చిండ్రు గని దూరం పోలే" అన్నాడు.

"తాళాలిచ్చి పారిపోయొచ్చినోడివి, ఇప్పుడు మా ప్రాణాలు కూడా ఇచ్చెయ్యమంటావేంటయ్యా?" అన్నారు మేనేజరు గారు. నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను.

"మీరిస్తమంటున్నయి మీయి గావు గద సార్, కువైటోళ్ళయి" అన్నాడు బావ.

మేనేజరు గారు నా వైపు తిరిగి, మీ బావకి అంతా బానే ఉందా, ఈ తాళాల కథ నీతో ఎప్పుడైనా చెప్పాడా అని అడిగారు. లేదు సార్, అక్కణ్ణుంచి వచ్చినప్పటి నుంచీ ఏదేదో మాట్లాడుతున్నాడు, మనసు కుదురుగా లేదు అన్నాను. బావ నా వంక ఒక్కసారి చూసి, తింటున్న కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మతి కుదురులేనివాడికి ఉద్యోగం ఎవరిస్తారు? వీసా గడువు తీరగానే బావ వెళ్ళిపోయాడు. నా మాట మాత్రం, యుద్ధం కావాలంటున్న పిచ్చోడనే ముద్రతో కలిసి, గల్ఫ్ అంతా తిరిగింది. ఆ తర్వాత ఎక్కడ ప్రయత్నించినా ఎవరో ఒక తెలుగువాడు ఆ సంగతి ముందే చేరవేసేవాడు. జగిత్యాలలో ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ ఇద్దరు కొడుకులను పెంచాడు. ఆ వెంటనే వచ్చిన జనవరిలో ఇరాక్ మీద యుద్ధం మొదలైనప్పుడు, బస్సు ఆగినచోట తనకు రొట్టె పెట్టిన ఇరాకీ ముసలామె ఏమైపోయిందోనని అన్నం ముట్టలేదని అక్క చెప్పింది. యుద్ధం కోరినవాడంటే ఆయనా?

మేము శాంతి కోరినవాళ్ళమని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం. మేము కోరింది నెల జీతం. దాని కోసం పరాయివాళ్ళ నేలను ధారపోయడానికి మేము వెనకాడలేదు. ఇప్పుడు అక్కడ ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండాలట, ఈ కాలపు కుర్రవాళ్ళకు మా భయం చెప్పినా అర్థం కాదు. అయితే అంత భయం లేని ఈ రోజుల్లో కూడా, టీవీ ముందు కూర్చుని ఎవరిదో దేశాన్ని ఎవరికో ఇచ్చేసి గొడవ వదిలించుకోమనేవాళ్ళను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

హోటల్లో ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు, నేను తిననివ్వలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. మర్నాడు బస్సెక్కి జగిత్యాల వెళ్ళాను. అక్క, తండ్రికి ఒకప్పుడు మతి తప్పిందనే వింటూ పెరిగిన ఇద్దరు కొడుకులు, కోడళ్ళు అందరూ కూర్చుని ఉండగా, బావ ముందు నిలబడి అన్నాను: "బావా, ఆ దినం నువ్వు జెప్పింది నిజం. నాకు ముందే తెలుసు. నా నౌకరి కోసం నిన్ను పిచ్చోన్ని జేసిన. తప్పు నాది. నన్ను క్షమించు."