దారి తప్పిన మూడు వరసలు

మా చిన్నప్పుడు... ఇంట్లో ఏది సగంలో ఆగినా నా పేరే వినిపించేది. సగం తాగిన చాయ్, సగం వేసిన ముగ్గు, పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోయిన చదువు... "ఏ పనీ సాంతం చెయ్యదు గీ పిల్ల" అని అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. తర్వాత డిగ్రీ అయింది, రెండు ఉద్యోగాలు మారాను... ఆ మాట మాత్రం మారలేదు.

దానికి అమ్మ చూపించే సాక్ష్యం ఒక్కటే. ట్రంకుపెట్టె అడుగున మడతపెట్టి ఉన్న సగం కౌది.

ఆ కౌదిని నేను వదిలేయలేదు. ఈ మాట ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కౌది అంటే మా రాయచూరులో బొంత. పాత చీరలు రెండు మూడు పొరలుగా పరిచి, పైన బట్టముక్కలు అతుకుతూ, చేత్తో వరసలు వరసలుగా కుడుతూ అంచుల నుంచి నడిమికి వస్తారు. అమ్మ ఇంట్లోనే బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. జూన్ వచ్చిందంటే ఇల్లంతా గళ్ళబట్టే... మిషన్ కింద, మంచం కింద, ఒక్కోసారి పప్పు డబ్బా మీద కూడా. ఆ ముదురు నీలం గళ్ళ కత్తిరింపు ముక్కలన్నీ మా అవ్వ, అంటే నాన్నవాళ్ళమ్మ, ఏరి సంచిలో దాచేది.

ఎండాకాలం మధ్యాహ్నాలు... కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, షాబాదు బండల మీద కౌది పరిచి, అవ్వ ఓ పక్క, నేను ఓ పక్క. గోనె గుండా వచ్చే వెలుతురు బెల్లం రంగులో ఉండేది. అవతలి గదిలో అమ్మ మిషన్ ఆగి ఆగి నడిచేది. నిద్రా కాదు, మెలకువా కాదు... ఆ గళ్ళలో ఒక గడి నుంచి ఇంకో గడికి నేను నడిచి పోతున్నట్టే ఉండేది.

అవ్వకు సుద్దముక్క అక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. గళ్ళలోని ముదురు గీతే దారి.

"గీత మీద నడువు బిడ్డా. గీత ఉండంగ భయమేంది?"

నేను ఆరో తరగతిలో ఉండగా బడివాళ్ళు యూనిఫాం మార్చారు. తెలుపు మీద లేత నీలం, వెంట్రుకంత సన్నం గీతలు. అప్పటికి కౌది సగం దాటింది. కొత్త ముక్కలు అతికి మొదలుపెట్టాం... అవ్వ వైపు వరస కాస్త పక్కకు జరిగింది. కునుకు పట్టిందేమో అనుకున్నాను. రెండో వరస ఇంకొంచెం జరిగింది. మూడోది గళ్ళను పూర్తిగా వదిలేసి, గట్టు తెగిన నీళ్ళలా తన ఇష్టమొచ్చినట్టు పోయింది.

తలెత్తి చూశాను. అవ్వ బట్ట మీద గీతను వేలితో వెతుకుతోంది.

"అవ్వా... నీకు గీత కనబడ్తలేదా?"

సూదిని వరస చివర గుచ్చి వదిలేసింది.

"ముదురు చౌకడీలైతే కనబడ్తయి. ఇవి పాలల్ల నీళ్ళ లెక్క కలిసిపోయినయి," అంది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ అమ్మకు చెప్పకు. సూది గుంజుకొని మూలకు కూసోవెడ్తది. సూది లేకుంటే నేనేం జెయ్యాలె?"

మర్నాడు అమ్మ చూడనే చూసింది.

"ఎవరివే గివి? గుడ్డికోడి నడిచినట్టున్నయి!"

"నావే."

"అయితే విప్పి సక్కగ వెయ్యి."

"నేను కుట్ట. నాకు బోర్ కొట్టింది," అని కౌదిని గబగబా మడిచి పెట్టెలో పడేశాను.

"సూసినవా అత్తా, నీ మనుమరాలి హుషారు?" అని అమ్మ నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆ పూట నా జొన్నరొట్టె మీద వెన్న మాత్రం రెండింతలు పడింది.

ఆ తర్వాత రెండేళ్ళు అవ్వ సూది వదల్లేదు. నాన్న ముదురు గళ్ళ లుంగీలకు అంచులు కుడుతూ కూర్చునేది. చివరికి కంట్లో పొర అందరికీ తెలిసి ఆపరేషన్ చేయిస్తే, ఒక కంటికే చూపు వచ్చింది. ముందే తీసుకురావాల్సింది అన్నాడట డాక్టరు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. నేను చెప్పి ఉండాల్సిందా... తెలియదు. అడుగుదామంటే అవ్వ పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పుడు మాన్విలో ఉన్న అక్కకు కూతురు పుట్టింది. వచ్చే నెల తొట్టెల్లో వేస్తారు. అమ్మ పెట్టె తెరిచి కౌది బయటికి తీసింది. "ఆ వంకర వరసలు విప్పి మిషన్ మీద కొట్టేస్త. నీతోని అయ్యేది కాదు," అంది. నేను కౌదిని లాక్కొని నా గదికి తెచ్చుకున్నాను.

మడత విప్పితే మూడో వరస చివర అవ్వ సూది అలాగే ఉంది... తుప్పు పట్టి, దారంతో సహా. ఆ దారాన్నే కొత్త సూదికి ఎక్కించి, అవ్వ ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాను. పన్నెండు రోజులు పట్టింది. నడుమ ఒక్క ముక్క మిగిలింది. దాన్ని కౌది కడుపు అంటారు. జొన్నరొట్టె తునక లోపల పెట్టి మూయాలి. ఆకలిగా ఉన్న కౌది కింద ఎవరికీ నిద్ర పట్టదని అవ్వ అనేది.

ఇప్పుడు యూనిఫాంలు కుట్టినవే వస్తున్నాయి. మా ఇంట్లో గళ్ళముక్కలు రాలడం లేదు. అమ్మ మిషన్ మీద ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలుంటాయి. కిటికీలో గోనె లేదు, కూలర్ ఉంది. ఆ బెల్లం రంగు వెలుతురు ఎటు పోయిందో...

మీ ఇళ్ళలోనూ సగంలో ఆగిన బొంత ఏదైనా ఉంటే ఒకసారి మడత విప్పి చూడండి. ఎవరి చెయ్యి ఎక్కడ తడబడిందో కనిపిస్తే నాకూ చెప్పండి.

అమ్మ ఈ పోస్టు చదువుతుంది. చదవనీ.

రేపు రొట్టె తునక పెట్టి కడుపు మూస్తాను. కౌది మాన్వికి వెళ్తుంది. ఆ మూడు వరసలు మాత్రం విప్పను.