వేడెక్కితే ఆగిపోయే ల్యాప్‌టాప్

ఏడేళ్లుగా ఒక తప్పును దాచి మోస్తున్నాను. అలాంటి బరువు గుండె మీద ఉంటుందంటారు. నాది సంచిలో ఉంటుంది. కిలోకు కాస్త ఎక్కువ, నల్లటి రంగు, మూత తెరిస్తే వెలుగుతుంది. రోజూ దాని మీదే పని చేసుకుంటాను. మీకు ఇది రాస్తున్నదీ దాని మీదే.

నా పేరు చెప్పను. ఇంటిపేరు అసలే చెప్పను. రఘునాథపల్లి వైపు ఒక ఊళ్లో మాకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఇప్పుడు దాని గోడలు కూడా లేవు. హన్మకొండలో రెండు అద్దె గదుల్లో ఉంటూ కోర్టు కాగితాలు తెలుగు చేసి, టైపు చేసి బతుకుతున్నాను. ఇస్త్రీ లేని చొక్కాతో ఎప్పుడూ గడప దాటలేదు. వాడిన వస్తువు ఎప్పుడూ కొనలేదు. కాదు, కొన్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. అది సరైన మాట.

ఉచితంగా దొరికే లినక్స్ నేర్చుకున్నదీ ఆ పట్టుదలతోనే. విండోస్ కొనే స్తోమత లేదు, దొంగ కాపీ పెట్టుకోవడానికి మనసొప్పలేదు. "నేను దొంగది వాడను" అని నలుగురిలో గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పటికీ వాడను. సాఫ్ట్‌వేర్ వరకు.

నా గది కింద ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అక్కడ పనిచేసే అమ్మాయిని ఇక్కడ గ్రేస్ అంటాను. అసలు పేరు వేరు. వాళ్లది మా పక్క ఊరే. వాళ్ల నాయనమ్మ మా గడి వాకిలి ఊడ్చేదని తర్వాత తెలిసింది. గ్రేస్ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్ల నాన్న నన్ను దొరా అంటాడు, ఆమె సార్ అంటుంది. ఆ తేడాకు నాకు కోపం ఉందా అని చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు. ఉండి ఉంటే ఈ కథ చెప్పడం తేలికయ్యేది.

గ్రేస్ రోజూ రైల్లో వచ్చి, రైల్లో పోయేది. ప్రోగ్రామింగ్ కోర్సు ఒకటి ఆన్‌లైన్‌లో చదువుతోంది. అది పూర్తయ్యాక ఒక కంపెనీ రెండుసార్లు, సొంత ల్యాప్‌టాప్ మీదే, పరీక్ష రాయనిస్తుంది. గట్టెక్కితే ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం.

"సార్, ల్యాప్‌టాప్ మీరే చూసి చెప్పుండ్రి," అని అడిగింది. "తేలికగ ఉండాలె. రైల్ల నిలవడి వస్త, భుజం గుంజుతది. కొత్తది కొనే తాకత్ లేదు."

ఒప్పుకున్నాను. ఆమె కోసమేనా? నా పాత కంప్యూటర్ వారం కిందటే చచ్చింది. సర్వీసుకు ఇచ్చానని అందరితో చెబుతున్నాను. సెకండ్ హ్యాండ్ షాపు మెట్లు ఎక్కడానికి నాకొక కారణం కావాలి. గ్రేస్ ఆ కారణం.

చౌరస్తా దగ్గర మేడ మీద షాపు. కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు అమ్ముతారు. నేను పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాను. దానిలోంచే లినక్స్ నడిపి చూడాలి. వైఫై పట్టుకుంటుందా? మూత మూసి తెరిస్తే మేలుకుంటుందా? బ్యాటరీ ఎంత అరిగింది? ఒక్కో కీ నొక్కి చూడాలి. ఒక్కోటీ పక్కన పెట్టుకుంటూ వచ్చాను. గ్రేస్ అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. చివరికి రెండు మిగిలాయి. ఒకే మోడల్, ఒకే నలుపు. చెరో చేతిలో ఒకటి పట్టుకుని తూచింది.

"రెండూ నా టిఫిన్ డబ్బంతే ఉన్నయ్ సార్!"

ఒకటి నా చేతికిచ్చి, రెండోది బల్ల మీద పెట్టి, నవ్వుకుంటూ ఏటీఎంకు వెళ్లింది. ఆమె మెట్లు దిగేదాకా ఆగి, షాపాయన ఖాజా భాయ్ నా దగ్గరికి వచ్చాడు.

"మీతోని అబద్ధమెందుకు సార్. మీ చేతులున్నది ఫస్ట్ క్లాస్. రెండోది అర్ధగంట నడిస్తె వేడెక్కి ఆగిపోతది. బోర్డులనే ఉంది రోగం. మంచిది ఆ బిడ్డకియ్యుండ్రి. వచ్చే వారం ఇంకో లాట్ వస్తది, మీకు నేనే ఏరి పెడ్త."

"నాకు కావాలని ఎవరన్నారు?"

"ఎవ్వరనలే. మీ చెయ్యి దాన్ని ఇడుస్తలేదు గద!"

వచ్చే వారం. అంటే గ్రేస్ లేకుండా ఆ మెట్లు ఎక్కాలి. సలహా ఇచ్చే పెద్దమనిషిగా కాదు, వాడిన సరుకు కొనుక్కునే మనిషిగా. అంతే. ఇంకే అడ్డమూ లేదు. ఒక్క వారం ఆగలేకపోయాను.

"రెండూ ఇవ్వు," అన్నాను.

"మరి ఆగిపోయేది ఎవరికి?"

నా వంతు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. చేతిలో ఉన్నదాన్ని సంచిలో పెట్టుకున్నాను. అతను కాసేపు సంచి వైపు చూశాడు.

"మీ ఇష్టం. ఆమెకు చెప్పుండ్రి మరి. నడుమల పరేషాన్ అయితది."

చెప్తానన్నాను. అతను వేరే కస్టమర్ దగ్గరికి వెళ్లాడు. గ్రేస్ తిరిగొచ్చాక నేను చెప్పింది ఇది: "రెండోదానిలో లోపం ఉందమ్మా. వద్దన్నాను. ఇది తీసుకో." ఆమె రెండు చేతులతో అందుకుంది. థ్యాంక్స్ చెప్పింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తోట నుంచి మామిడి గంపలు వస్తే పైవరస ఇంటికి తీసి, మిగిలింది వాకిట్లో పంచేవారు. పైవరస నాతో ఏరించేవారు, ముద్దుగా. తోట పోయాక కూడా అమ్మ బండి మీద కొన్న జామకాయల్లో మంచివి నాకు తీసి, తర్వాతే పనామెకు ఇచ్చేది. షాపులో నా చెయ్యి ఆ అలవాటు చొప్పునే కదిలిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ చెయ్యి అబద్ధం ఆడదు కదా. ఆడింది నోరు.

ల్యాప్‌టాప్ ఆగడం మొదలైంది. గ్రేస్ దాన్ని పైకి తెచ్చేది. నేను లినక్స్ మళ్లీ ఎక్కించేవాణ్ణి. ఒకసారి కాదు, మూడుసార్లు, మూడు రకాలవి. దానివల్ల ఏమీ కాదని తెలుసు. ఎక్కిస్తున్నంతసేపూ ఆమె స్టూలు మీద కూర్చుని, తను ఏమేం నొక్కిందో గుర్తు చేసుకుంటూ చెప్పేది. నేను తల ఊపేవాణ్ణి. గోడకు ఆనించిన నా సంచిలో మంచిది ఉండేది.

మొదటి పరీక్ష మధ్యలో ఆగిపోయింది. రెండోది కూడా. మర్నాడు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు.

"సార్, ఒకటే అడుగుత. నిజం చెప్పుండ్రి. మిషన్ల ఉందా, నాల ఉందా?"

అప్పుడు చెప్పొచ్చు. సంచి అందించినా చాలు, మాట కూడా అక్కర్లేదు. నేనేం అన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"యంత్రానికి ఏ లోపం లేదు. ఈ పని అందరికీ రాదమ్మా."

"గంతేనా సార్," అంది. కోర్సు మానేసింది. ఇప్పుడు వరంగల్‌లో బట్టల షాపులో బిల్లులు కొడుతోంది. ఇంకా రైల్లో నిలబడే వస్తోంది.

ఆమె చెయ్యగలిగేదో లేదో నాకు తెలియదు. ఆమెకూ తెలియకుండా చేశాను. షాపులో చేసింది తప్పు. గుమ్మంలో చేసింది ఏమిటి? దానికి పేరు పెట్టలేకే ఇన్నేళ్లు పట్టింది.

పోయిన నెల ఎదురైంది. పక్కన వాళ్ల పెద్దక్క కూతురు, ఇంజనీరింగ్‌లో చేరిందట.

"దీనికో ల్యాప్‌టాప్ చూడాలె సార్. తేలికది." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి చెప్పింది. "నాకు చాత కాలే గని, సార్ ఏరిస్తె మిషన్ మంచిగుంటది."

చూస్తానన్నాను. ఇంకా వెళ్లలేదు. వెళితే ముందు ఏం చెప్పాలో రాసి పెట్టుకుందామని ఇందాక కూర్చున్నాను. క్షమించమని రాసి కొట్టేశాను. అది నాకోసం అడిగేది. ఆమెకు రావాల్సింది వేరే ఉంది.

గ్రేస్, లోపం యంత్రంలోనే ఉంది. నాకు షాపులోనే తెలుసు.

ఇదంతా టైపు చేయడానికి మూడు గంటలు పట్టింది. ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు.