రాగి గొట్టం, అక్క జిగురు

ఆ రోజుల్లో నాకు ఇద్దరి మీద అపారమైన నమ్మకం ఉండేది. ఒకరు అయ్యప్ప స్వామి. రెండోవాణ్ణి నేనే. స్వామి మీద నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రెండోదే ఒక శనివారం మధ్యాహ్నం, మావాళ్లు బతకడానికొచ్చిన మగ్గాల పేట ఉధ్నాలో, నా కుడి బొటనవేలికి అంటుకున్న జిగురుతోపాటు తోలు లేచేలా ఊడిపోయింది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. పవర్‌లూమ్ ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, మగ్గాలు బాగుచేసే పని నేర్చుకుంటున్నాను. మాల వేసుకోవడం అది మూడోసారి. మూడోసారి వేసుకున్నవాడికి ఉండే గర్వం పద్దెనిమిదోసారి వేసుకున్నవాడికి ఉండదని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. చిన్నప్పటి నుంచి పురాణం చెప్పే చోట ముందు వరసలో కూర్చుని విన్నవాణ్ణి కనుక, ఏది పాపమో ఏది కాదో ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి. మా సన్నిధానం ఒక భవనంలో కింది హాలు. దీక్షలో ఉన్న పద్నాలుగు మందిమి అక్కడే పడుకునేవాళ్లం. మా సంచులు గోడకు వరసగా వేలాడేవి. గురుస్వామి నా అక్షరం బాగుంటుందని పేర్లు రాసే పని నాకు అప్పగించి, నొక్కితే టిక్కుమనే నీలం పెన్నొకటి చేతికిచ్చాడు. ఆ పెన్ను జేబులో పెట్టుకున్నాక నేను ఇంకొంచెం నిటారుగా నడిచాననుకుంటాను.

ఆ ఏడాది మా బావ కన్నెస్వామి. అంటే మొదటిసారి మాల వేసుకున్నవాడు. మా అక్క మొక్కుకుంటే వేసుకున్నాడు. అక్క వాళ్ల గది అదే భవనంలో పై అంతస్తు. సోమవారం ఇరుముడి కట్టు, ఆ సాయంత్రమే రైలు. ఆదివారం పొద్దుగూకే లోపు ఎవరికి రజా (సెలవును మేం అలాగే అంటాం) దొరికిందో వాళ్ల పేర్లు నేను రాసి గురుస్వామికి ఇవ్వాలి. రజా లేకపోతే పేరు లేదు, పేరు లేకపోతే ఇరుముడి లేదు. బావ ఒక్కడిదే ఇంకా తేలలేదు. వాళ్ల ఖాతా చిన్న సేఠ్ ఆదివారం చెప్తానన్నాడట.

ఇక ఆ శనివారం. హాలు కడుగుదామని సంచులన్నీ దించుతుంటే బావ సంచి ఠంగుమంది. నల్ల లుంగీలున్న సంచి ఠంగుమనడమేమిటి? (ఇతరుల సంచి తెరవడం తప్పని అప్పుడు నాకు తోచలేదు. లోపలున్న తప్పే పెద్దదిగా తోచింది.) తీసి చూస్తే ఒక రాగి గొట్టం. జానకు కాస్త తక్కువ. పైన నల్లటి మూతి, అడుగున రూపాయి బిళ్లంత మీట. ఖాతాలో కుర్రాళ్ల దగ్గర ఇలాంటివి చూశాను. వేప్, పొగ పీల్చే యంత్రం. దాని అమ్మకం నిషేధించారని కూడా విన్నాను. లోపల బ్యాటరీ తప్ప వైరు లేదు, దీపం లేదు. మీట నొక్కితే లోపలి ముక్క పైకి లేచి బ్యాటరీకి తగులుతుంది, మూతి వేడెక్కి పొగ వస్తుంది. అంతే. వేలు తీస్తే స్ప్రింగు మీటను వెనక్కి తోస్తుంది.

దీక్షలో, సన్నిధానంలో, సాక్షాత్తూ మా బావ! పారేస్తే మళ్లీ తెచ్చుకుంటాడు. గురుస్వామికి చెబితే అక్క పరువు పోతుంది. అప్పుడు నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. మీట అసలు కదలకుండా జిగురు పోసేస్తే? గొట్టం ఉంటుంది, పాపం ఉండదు.

జిగురుకు కొదవ లేదు. అక్క రింగ్ రోడ్ మార్కెట్ చీరలు ఇంటికి తెచ్చుకుని వాటికి డైమండ్లు, అంటే మెరిసే రాళ్లు, అంటించే పని చేసేది. ఆమె నీళ్లకు పోయినప్పుడు సన్న మూతి ఉన్న ట్యూబొకటి తెచ్చి, మీట చుట్టూ ఉన్న సందులో పోశాను. జిగురు లోపలిదాకా దిగాలి కదా అని మీటను బొటనవేలితో గట్టిగా లోపలికి నొక్కి పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకోవాలి? ఇరవై ఒక్క శరణాలు చెప్పేంతసేపు. భక్తితోనే చెప్పాను, ఒక్కటి కూడా మింగలేదు.

ఇరవై రెండోది అందుకోబోతుంటే గొట్టం మూతిలోంచి పొగ లేచింది.

మీట కదలకుండా అంటుకున్నమాట నిజమే. కానీ నొక్కి ఉన్నచోట అంటుకుంది. దానితోపాటు నా వేలు కూడా. హాలంతా పుచ్చకాయ వాసన. మూలన కునుకు తీస్తున్న గురుస్వామి కళ్లు తెరవకుండానే, "ఏం ధూపం స్వామి ఇది? జర తియ్యగున్నది" అన్నాడు. దీక్షలో అబద్ధమాడకూడదు. "కొత్తది స్వామి" అన్నాను. వేలు పీకి (ఆ తోలు విషయం ముందే చెప్పాను) గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టి బయటికి పరుగెత్తితే, మెట్ల దగ్గర ఎదురుగా బావ.

బావ ఒక్క చూపులో అంతా చూశాడు. గుడ్డతో పట్టుకుని మూతి తిప్పి ఊడదీశాడు, బ్యాటరీ కింద పడేలా దులిపాడు, పొగ ఆగింది. తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏం చేసినవ్ స్వామి?"

"నేను చేసిందా? నువ్వేం చేస్తున్నవ్ స్వామి? మాల మెడలుండంగ!"

"అది నాది కాదు స్వామి" అన్నాడు బావ పళ్లు బిగించి. "చిన్న సేఠ్‌ది. ఇంటి నిండ చుట్టాలొచ్చిన్రు, వాళ్ల నాయినకు దొరుకుతదని నా తాన దాచిండు. 'మాల వేసుకున్నోని తాన ఉంటే నాకు ఫికర్ లేదు' అన్నడు. రేపు పొద్దున తీస్కపోతడు. నా రజా కాగితం మీద సంతకం పెట్టేది గా మనిషే!"

బావ దీక్షను వేరే మతాచారం గల సేఠ్ కొడుకు నమ్మాడు. పక్కనే పడుకునే నేను నమ్మలేదు. ఆ మాట అప్పుడే నా గుండెలో గుచ్చుకుంది గానీ, గుచ్చుకున్నదాన్ని చూసుకునే తీరిక లేదు.

"మరి చెప్పొద్దా స్వామి?"

"అడిగినవా స్వామి?"

దీక్షలో తిట్టకూడదు. మగవాళ్లను స్వామి అనే, ఆడవాళ్లను మాత అనే పిలవాలి. బావ ముఖం కందగడ్డలా అయింది. నోటిదాకా వచ్చిన ప్రతి మాటా అక్కడే ఆగి, చివర స్వామి మాత్రం బయటికొచ్చేది. "నిన్ను... స్వామీ! నీ... స్వామీ!" ఒక మనిషిని స్వామి అన్న మాటతో అంత ఘోరంగా తిట్టవచ్చని నాకు అదే మొదటిసారి తెలిసింది. చివరికి వేలు చూపించి, "మాల దిగనియ్యి. అప్పుడు చెప్త నీ సంగతి" అన్నాడు.

పై గదికి పోయి పని మొదలుపెట్టాం. గుడ్డ చుట్టి పట్టకారుతో తిప్పాను, పట్టకారు జారి బావ మోకాలికి తగిలింది. ("స్వామీ!") కొబ్బరినూనె పోశాను, మీట అంటుకున్నచోటే నిగనిగలాడింది. మగ్గాలకు వాడే నూనె పోశాను, అదీ అంతే. వేడినీళ్లలో మరిగిద్దామని గొట్టాన్ని గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. గిన్నె అడుగు నల్లబడింది, గొట్టం మాత్రం అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు మెరిసింది. బెల్టు తెగిన మగ్గాన్ని అరగంటలో నిలబెట్టేవాణ్ణి, రూపాయంత మీట నన్ను చూసి నవ్వుతోంది. సుత్తి తీసుకుని చేయి ఎత్తేసరికి వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. అంతసేపూ ఆమె చీర పరుచుకుని డైమండ్లు అంటిస్తూనే ఉంది.

"ఏందది?"

"గొట్టం మాత" అన్నాను.

"ఏం గొట్టం?"

"రాగిది మాత."

"మాత మాత అనకు. చిన్నప్పుడు జడ వట్టి గుంజినోడివి. ఎవలది గొట్టం?"

"సేఠ్‌ది" అన్నాడు బావ.

"దాని మీట ఎట్ల బిగుసుకపోయింది?"

"జిగురు అంటింది."

"ఏడి జిగురు?"

నేను సుత్తి కింద పెట్టాను. అక్క లేచి వచ్చి, గొట్టం వాసన చూసి, గోటితో మీట అంచు గీకింది. రోజుకు వెయ్యి రాళ్లు అంటించే మనిషి తన జిగురును గుర్తుపట్టదా! నన్ను చూసిన చూపు ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

"నా ట్యూబు ఇందాకట్నుంచి దేవులాడుతున్న" అంది. అల్మారా మీది నుంచి థిన్నర్ సీసా దించి, కిటికీ తెరిచి, పుల్లకు దూది చుట్టి ముంచి, మీట చుట్టూ ఉన్న సందులో మెల్లగా తిప్పింది. చీర మీద డైమండ్ తప్పు చోట పడితే ఆమె రోజూ చేసే పనే అది. నేను ఉండబట్టలేక మళ్లీ పట్టకారు అందుకున్నాను. చేతి మీద ఒక్కటి వేసింది.

"తప్పు చోట అంటినదాన్ని గుంజితే చీర చినుగుతది. తడిపి కూసోవాలె. కూసో."

కూర్చున్నాం. నేను నాలుగుసార్లు లేచాను, నాలుగుసార్లూ కూర్చోబెట్టింది. ఐదోసారి లేవబోతుంటే గొట్టం అడుగున సన్నగా టప్పుమంది. అక్క మీటను రెండు వేళ్లతో తిప్పితే, రోజూ తీసే డబ్బా మూతలా ఊడి వచ్చింది. నేను ఆనందంతో "శరణం!" అని అరిచాను. ఆ అరుపుకు ఆమె చేయి అదిరి, లోపలి స్ప్రింగు ఎగిరి డైమండ్ల పళ్లెంలో పడింది.

పళ్లెంలో పదివేల మెరిసే ముక్కలు. స్ప్రింగు కూడా మెరుస్తుంది. ముగ్గురం చీకటి పడేదాకా గాలించాం, దొరకలేదు. (ఏదో చీర కొంగుకు అంటుకుని రింగ్ రోడ్ మీదుగా ఏ పెళ్లికి పోయిందో, ఆ పెళ్లికూతురు నన్ను క్షమించాలి.) బావ ఇప్పుడు స్వామి కూడా అనడం మానేశాడు. గోడకు ఆనుకుని, "పోనీలే. మొక్కు వచ్చే ఏడు తీర్చుకుంట" అన్నాడు. అక్క తల వంచుకుని రాళ్లు ఏరుతూనే ఉంది. ఆమె వేళ్లు మాత్రం ఆగి ఆగి కదులుతున్నాయి.

నేను జేబులోంచి గురుస్వామి ఇచ్చిన పెన్ను తీసి, విప్పి, దాని స్ప్రింగును ఆమె అరచేతిలో పెట్టాను. సగానికి కత్తిరిస్తే సరిగ్గా సరిపోయింది.

ఆదివారం పొద్దున చిన్న సేఠ్ వచ్చాడు. గొట్టం అందుకుని, అడుగున మీట నొక్కి వదిలాడు. మళ్లీ నొక్కి వదిలాడు. బావ, నేను ఆ మీట వైపే చూస్తున్నాం. దీక్షలో ఉన్నవాళ్లం, అడిగితే నిజం చెప్పాలి, చెప్పడానికి సిద్ధంగానే నిలబడ్డాం.

"పహలే యే అటక్తా థా" అన్నాడు. ఇంతకుముందు ఇది ఇరుక్కునేదట! "అబ్ తో మఖ్ఖన్! కిస్‌నే కియా?"

వెన్నలా చేసిందెవరని అడిగాడు. బావ నన్ను చూపించాడు. నేను పై అంతస్తు కిటికీ వైపు చూపించాను. సేఠ్ నవ్వి, ఎవరు చేశారో అర్థం కాకపోయినా, మెట్టు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. (మేం కొండ నుంచి తిరిగొచ్చేసరికి అతని స్నేహితుల గొట్టాలు మూడు నాకోసం ఎదురుచూస్తున్నాయి. ముట్టుకోలేదు. పొగను పాపమనడం నేను మానలేదు, సంచులు తెరవడమే మానేశాను.)

మాల దిగిన రోజు బావ తిట్టు కోసం వినయంగా ఎదురుగా నిలబడ్డాను. ఆయన నోరు తెరిచాడు, కాసేపు వెతుక్కున్నాడు, మూసుకున్నాడు. "అలవాటు తప్పింది రా" అన్నాడు.

ఈ ఏడూ మాల వేసుకున్నాను. పేర్లు రాసే పని ఇంకా నాదే. పాత నోటుబుక్కు తిరగేస్తే ఆ ఏటి పేజీ కనిపిస్తుంది. పదమూడు పేర్లు ముత్యాల్లా ఉంటాయి. ఆదివారం సాయంత్రం, స్ప్రింగు లేని పెన్నును వెనక నుంచి బొటనవేలితో, తోలు లేచిన ఆ బొటనవేలితోనే, నొక్కి పట్టుకుని రాసిన పద్నాలుగోది మా బావ పేరు. ఒక్కో అక్షరం దగ్గర పాళీ లోపలికి పోయింది, మళ్లీ నొక్కి మళ్లీ రాశాను. కొత్త స్వాములు చూసి, "ఈ ఒక్క పేరు గిట్ల వంకరేంది స్వామి?" అని అడుగుతారు. దీక్షలో అబద్ధమాడకూడదు కదా. "రాసినోడే జర వంకర స్వామి" అంటాను.