అద్దాల అల్మారా

ఆ వృద్ధాశ్రమంలో ఆమెను అందరూ తాళాల సిస్టర్ అనేవారు. మందుల అల్మారా తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేది. తింటున్నా, కాసేపు కునుకు తీస్తున్నా తీసేది కాదు. "మొగుడి కంటే దాన్నే ఎక్కువ చూసుకుంటుంది" అని ఆయాలు ఎగతాళి చేసేవారు. ఆమె వాళ్ల మాటలు చెవిన వేసుకుంటే కదా!

అంతకుముందు ఎవరి మందులు వాళ్ల మంచం పక్కనే ఉండేవి. మతి తప్పిన ఓ ముసలమ్మ, పక్కావిడ షుగరు మాత్రలను చప్పరింపు బిళ్లలనుకుని తినేసి, చచ్చి బతికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు యజమాని అప్పుడు ఈ అల్మారా కొన్నాడు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించి మురిసిపోయేవాడు. తాళంచెవి మాత్రం ఒక్కటే చేయించాడు. రెండోది కావాలని సిస్టర్ అడగలేదు. ఒక్కటే ఉండటం ఆమెకు గొప్పగా ఉండేది. అడగాల్సింది. ఆ తప్పులో యజమానికి సగం, ఆమెకు సగం.

ఆమెతో పేచీ పెట్టుకున్నది టైలర్ తాతయ్య ఒక్కడే. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్రను, చొక్కా లోపల చిన్న జేబు కుట్టుకుని దాచుకున్నాడు. చొక్కా ఉతుక్కి వేసినప్పుడు అది సిస్టర్ చేతికి దొరికింది.

"అదొక్కటీ నా దగ్గర ఉండనియ్యి తల్లీ. నేనెవరికి పంచిపెడతాను?"

"నీకు వదిలితే అందరూ అడుగుతారు తాతయ్యా. నొప్పొస్తే ఒక్క కేకెయ్యి, నేను లేనా?"

తాతయ్య ఆ జేబు తనే విప్పేశాడు. కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగి, మళ్లీ మామూలయ్యాడు.

నొప్పి ఓ మధ్యాహ్నం వచ్చింది. సిస్టర్ అప్పుడు పక్క వీధిలో ఆశ్రమానికి మందులు కొంటోంది. ఫోను రాగానే కొన్నవన్నీ అక్కడే వదిలేసి పరుగెత్తింది. వచ్చేసరికి ఆయాలు అల్మారా ముందు నిలబడి ఏడుస్తున్నారు. అద్దం వెనక తాతయ్య మాత్రల డబ్బా అందరికీ కనిపిస్తూనే ఉంది. తాళం తీసి, మాత్ర తెచ్చి ఆయన నాలుక కింద పెట్టింది. అది కరగలేదు. ఆయన అప్పటికే పోయాడు.

"అద్దం పగలగొట్టలేకపోయారా? మీ చేతులు పడిపోయాయా?" అని ఆయాల మీద విరుచుకుపడింది.

పెద్ద ఆయా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"స్టూలు ఎత్తాను సిస్టర్. ఆయనే వద్దన్నాడు. 'ఆ పిల్లకి మాటొస్తుందే, ఆగండి, వచ్చేస్తుందిలే' అన్నాడు."